పిల్లలున్న ఇంట్లో వేడి ఎక్కడుండాలి

చిన్నపిల్లలకు ఒళ్లు కాలిన ఇళ్లలో పెద్దవాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇక్కడే ఉన్నానండీ, ఇలా తిరిగి చూసేలోపే అయిపోయింది." ఆ మాటను సాకుగా తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే అది చాలాసార్లు అక్షరాలా నిజం. ఈ ప్రమాదాల్లో ఎక్కువ భాగం బిడ్డను ఒంటరిగా వదిలేసినప్పుడు జరగవు. పెద్దవాళ్లు అదే గదిలో, చేయి చాపితే బిడ్డ అందేంత దూరంలో ఉండగానే జరుగుతాయి. బిడ్డను కంటికి రెప్పలా కాచుకోమంటారు గానీ, ఆ రెప్ప కూడా నిమిషానికి పది పదిహేనుసార్లు వాలుతూనే ఉంటుంది. అందువల్ల "జాగ్రత్తగా చూసుకోవాలి" అనే ఒక్క సలహా మీద నాకు నమ్మకం తక్కువ. కాపలా కాసే మనిషి అలసిపోతాడు, ఫోన్ మోగితే అటు తిరుగుతాడు, పెద్దబిడ్డ పిలిస్తే లేచి వెళ్తాడు. వేడి వస్తువు ఎక్కడుండాలో, ఆ వేళ బిడ్డ ఎక్కడుండాలో ముందే తేల్చిపెట్టుకున్న ఇంట్లో మాత్రం, మనిషి ఏమరుపాటుగా ఉన్న ఆ రెండు క్షణాల్లోనూ బిడ్డకు ఏమీ కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ అమరిక గురించే.

కాలిన గాయాల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాలడం అనగానే మన మనసులో మెదిలేది మంట. ఐదేళ్లలోపు పిల్లల విషయానికి వస్తే మొదట తలచుకోవలసింది మంటను కాదు, వేడి ద్రవాలను. కప్పులోని టీ, పొయ్యి మీది నీళ్లు, అప్పుడే దించిన గిన్నెలోని పులుసు, స్నానాల గదిలోని కుళాయి, ఇవే ఎక్కువమంది పసివాళ్లను ఆసుపత్రికి చేరుస్తాయి. వాళ్ల ఎదుగుదలను చూస్తే దీనికి కారణం తెలుస్తుంది. ఐదారు నెలల బిడ్డ కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకుని నోటి దగ్గరకు లాక్కుంటుంది. దోగాడే బిడ్డ వేలాడే ప్రతి తీగనూ, ప్రతి గుడ్డ అంచునూ పట్టుకుని లేవడానికి ప్రయత్నిస్తుంది. తప్పటడుగులు మొదలైన బిడ్డ నిన్నటివరకూ అందని బల్ల అంచును ఇవాళ అందుకుంటుంది. మన లెక్క ఎప్పుడూ నిన్నటి బిడ్డ గురించే కాబట్టి, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య వయసులోనే ఈ గాయాలు అధికంగా కనబడటంలో ఆశ్చర్యం లేదు.

వేడి చర్మాన్ని ఎంతసేపట్లో పాడు చేస్తుందన్న విషయం మీద 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలే ఇప్పటికీ ఆధారంగా నిలిచి ఉన్నాయి. వారి లెక్క ప్రకారం పెద్దవారి చర్మం 49 డిగ్రీల సెల్సియస్ నీటిలో లోతుగా కాలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. 54 డిగ్రీల దగ్గర అది సుమారు అర నిమిషానికీ, 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లకూ, 70 డిగ్రీల దగ్గర ఒక సెకనుకూ పడిపోతుంది. పది డిగ్రీలు పెరిగినందుకు నిమిషాలు సెకన్లుగా మారిపోవడం ఇందులో గమనించవలసిన సంగతి. పసివారి చర్మం మనకంటే పలుచన కనుక వారికి ఈ వ్యవధి ఇంకా తగ్గుతుంది. పైగా వేడి తగలగానే ఒళ్లు వెనక్కి లాక్కోవాలన్న స్పృహ గానీ, లాక్కునే నేర్పు గానీ వాళ్లకు పూర్తిగా ఉండవు. ఇక 44 డిగ్రీల వంటి, చేతికి హాయిగా అనిపించే వేడి కూడా గంటల తరబడి ఒకేచోట ఆనుకుని ఉంటే చర్మాన్ని పాడు చేయగలదు. నిద్రపోతున్న పసిబిడ్డ పక్కలో వేడినీళ్ల సంచి గానీ, విద్యుత్ దుప్పటి గానీ ఉంచవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే.

ఒక కప్పు వేడి టీనే తీసుకుని దగ్గరగా చూద్దాం. అప్పుడే పోసిన టీ వేడి 80 డిగ్రీలకు పైగానే ఉంటుంది. పాలు కలపకుండా కాస్త పెద్ద కప్పులో పోసినదైతే పావుగంట తర్వాత కూడా పసిబిడ్డ చర్మాన్ని కాల్చగలిగేంత వేడి అందులో మిగిలి ఉంటుంది. మనం నాలుగు గుక్కలు తాగి, చల్లారిపోయిందనుకుని బల్ల అంచున పెట్టి మరిచిపోయే కప్పు ఇదే. బిడ్డ కింద నిలబడి, తల పైకెత్తి, దాన్ని తన వైపుకు లాగుతుంది. ద్రవం మొదట గడ్డం మీద, ఆ వెంటనే మెడ మడతల్లో, ఛాతీ మీద, లాగిన చేతి పొడవునా పడుతుంది. తొడిగిన చొక్కా ఆ వేడిని పీల్చుకుని ఒంటికి అతుక్కుపోతుంది. అందువల్ల ముఖం మీద పడి జారిపోయిన చోట కంటే బట్ట కింద గాయం తరచూ లోతుగా ఉంటుంది. పెద్దవారి ఒంటి మీద అదే కప్పు ఒలికితే అరచేయంత మేర ఎర్రబడి ఊరుకోవచ్చు. పసిబిడ్డ ఒళ్లు ఎంత? ఏడాదిలోపు బిడ్డకు తల ఒక్కటే మొత్తం చర్మ విస్తీర్ణంలో ఐదో వంతుకు దగ్గరగా ఉంటుంది. పిల్లల్లో ఒంటి విస్తీర్ణంలో పదో వంతు కాలితే రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కించవలసిన స్థితి వస్తుందని వైద్యులు లెక్కిస్తారు. ఆ పదో వంతును దాటించడానికి ఒక్క కప్పు చాలు.

కాబట్టి కప్పుకు సంబంధించిన నియమం ఎంత సాదాగా ఉంటే అంత మేలు. ఒడిలో బిడ్డ ఉంటే చేతిలో వేడి కప్పు ఉండకూడదు, కప్పు చేతిలో ఉంటే బిడ్డ ఒడిలో ఉండకూడదు. బిడ్డ దగ్గర్లో ఆడుకుంటుండగా తాగవలసి వస్తే బిగుతైన మూత ఉన్న కప్పు వాడవచ్చు, కానీ మూత కారకుండా ఆపుతుందే తప్ప పూర్తి భద్రత ఇవ్వదు. బల్ల మీద పరిచే గుడ్డ అందం కోసం వేస్తారు; నడక నేర్చుకునే బిడ్డకు అది ఊతం. గుడ్డ కదిలితే దాని మీదున్నవన్నీ కదులుతాయి. పిల్లలు మూడు నాలుగేళ్ల వారయ్యే వరకు ఆ గుడ్డను మడతపెట్టి బీరువాలో పెట్టేయడమే ఉత్తమం.

వంటగది సంగతికి వస్తే, మా చెల్లెలి కూతురు దోగాడే రోజుల్లో నేను ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల కంటి ఎత్తు నుంచి మా వంటగదిని చూశాను. నిలబడి ఉన్నప్పుడు నాకు తెలియకుండా ఉన్నవన్నీ అక్కడి నుంచి స్పష్టంగా కనిపించాయి. వంటగట్టు అంచు మీదుగా తోకలా వేలాడుతున్న కెటిల్ తీగ, స్టవ్ అంచు దాటి గాలిలోకి పొడుచుకొచ్చిన పెనం పిడి, మెరుస్తున్న స్టవ్ మరలు, ఒవెన్ తలుపుకున్న అద్దంలోంచి కనిపించే పసుపుపచ్చని వెలుగు, ఇవన్నీ "రా, ముట్టుకో" అని పిలుస్తున్నట్టే ఉన్నాయి. గిన్నెలో ఏముందో మాత్రం అక్కడి నుంచి కనబడదు. లోపల మరుగుతున్నది తెలియక పిడి పట్టుకునే బిడ్డను మొండిదని అనుకోవడం అన్యాయం. మీ ఇంట్లోనూ ఒకసారి ఆ ఎత్తుకు దిగి చూడమని అడుగుతున్నాను. ఎన్ని వ్యాసాలు చదివినా రాని ఎరుక ఆ కొద్దిసేపట్లో వస్తుంది.

అలా చూశాక చేయవలసినవి పెద్ద ఖర్చు లేని పనులే. వెనక బర్నర్లను ముందు వాడాలి, ముందు బర్నర్ తప్పనిసరైతే పిడిని గోడ వైపుకు తిప్పాలి. కెటిల్ తీగను పొట్టిగా చుట్టి, గట్టు లోపలి అంచుకు నెట్టాలి; ఉపయోగించనప్పుడు ప్లగ్ తీసి, మిగిలిన వేడినీళ్లు పారబోయాలి. పొయ్యి నేల మీద ఉన్న ఇంట్లో దాన్ని ఎత్తైన గట్టు మీదికి మార్చడం, అది కుదరకపోతే చుట్టూ దిట్టమైన అడ్డు కట్టడం మిగతా అన్నిటికంటే ముందు చేయవలసిన పని. వంట జరిగేంతసేపూ పొయ్యి చుట్టూ ఒక మీటరు మేర పిల్లలు రాని హద్దు ఉండాలి. నేల మీద రంగు టేపు అంటిస్తే మూడేళ్ల పిల్లలకు ఆ హద్దు ఆటలాగా అర్థమవుతుంది, కానీ అంతకంటే చిన్నవారికి గీతలు పనికిరావు. వాళ్లకు గుమ్మంలో బిగించే చిన్న గేటు కావాలి, లేదా ఎత్తైన కుర్చీలో బెల్టు పెట్టి, పొయ్యికి దూరంగా, కనుచూపులో కూర్చోబెట్టాలి. చంకన బిడ్డను పెట్టుకుని వేయించడం, వడపోయడం ఎంత అలవాటైన చేతికైనా వద్దు. నూనె చిట్లడం ఒక భయమైతే, బిడ్డ ఒక్కసారిగా చేయి విసరడం రెండో భయం.

మైక్రోవేవ్‌ను చాలామంది మంట లేదు కనుక భద్రమైన వస్తువనే అనుకుంటారు. అది ఆహారాన్ని అంతటా ఒకేలా వేడి చేయదు. పాలసీసా పైకి గోరువెచ్చగా తగులుతుండగానే లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉండవచ్చు. పాలసీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి వెచ్చచేసి, బాగా కలిపి, మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసి చూడటం పాత పద్ధతే అయినా అదే సరైనది. మూత పెట్టి వేడి చేసిన గిన్నెను తెరిచేటప్పుడు వెలువడే ఆవిరి ఇంకో ప్రమాదం. మైక్రోవేవ్‌ను బిడ్డ ముఖం ఎత్తులో అమర్చిన ఇళ్లలో తలుపు తీసి గిన్నె లాగిన నాలుగైదేళ్ల పిల్లలకు ఆవిరితో పాటు ఆహారం కూడా ముఖం మీదికి రావచ్చు.

స్నానాల గది విషయంలో నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అమరిక మార్చితే ఫలితం ఎంత ఖచ్చితంగా వస్తుందో ఇక్కడ లెక్కలతో సహా రుజువైంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1977లో పరిశీలించినప్పుడు ఐదు ఇళ్లలో నాలుగింట కుళాయి నీటి వేడి 54 డిగ్రీలకు మించి ఉన్నట్టు తేలింది. 1983లో ఆ రాష్ట్రం, కొత్త వాటర్ హీటర్లన్నిటినీ తయారీదారులే 49 డిగ్రీల దగ్గర పెట్టి అమ్మాలని చట్టం చేసింది. తల్లిదండ్రులకు ఉపన్యాసాలిస్తే సరిపోతుందని ఊరుకోలేదు. 1988 నాటికి మూడొంతులకు పైగా ఇళ్లలో నీటి వేడి 54 డిగ్రీల లోపుకు దిగింది, కుళాయి నీళ్లతో కాలి ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య కూడా తగ్గింది. ఒక మరను కర్మాగారంలోనే కాస్త వెనక్కి తిప్పి పంపడం వల్ల జరిగిన మేలు ఇది.

మీ ఇంట్లో గీజర్‌కు వేడిని మార్చే మర ఉంటే 49 డిగ్రీలకు తగ్గించవచ్చు. పెద్ద ట్యాంకులో నీళ్లు రోజుల తరబడి నిల్వ ఉండే చోట మాత్రం ఒక చిక్కుంది. తక్కువ వేడిలో, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగవచ్చు కాబట్టి, అటువంటి ట్యాంకును 60 డిగ్రీల దగ్గరే ఉంచి, కుళాయికి ముందు చన్నీళ్లు కలిపే థర్మోస్టాటిక్ వాల్వు బిగించడం మంచి పరిష్కారం. ఏ అమరిక ఉన్నా, తొట్టిలోనైనా బకెట్‌లోనైనా ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపాలి. వేడినీళ్లు ముందుగా నింపి, చన్నీళ్ల కోసం కుళాయి తిప్పేలోపు బిడ్డ అందులో చేయి పెట్టడమో, తూలి పడటమో జరుగుతుంది. పోసిన నీటిని అడుగు వరకు చేత్తో బాగా తిప్పి, అరచేతితో కాకుండా మోచేతితో చూడాలి. వంటపనికి అలవాటుపడిన అరచేయి వేడిని తక్కువగా చెబుతుంది. 37, 38 డిగ్రీల నీరు పసిబిడ్డకు చాలు. బిడ్డను కుళాయికి వీపు పెట్టి కూర్చోబెట్టాలి, స్నానం నడుస్తుండగా తొట్టిలోకి వేడినీళ్లు వదలకూడదు, తువ్వాలు మరిచిపోతే బిడ్డను ఎత్తుకునే వెళ్లి తెచ్చుకోవాలి. తమ్ముడికి స్నానం చేయించమని ఆరేళ్ల అక్కకు అప్పగించడం ముద్దుగానే ఉంటుంది గానీ, వేడినీళ్ల కుళాయి తిప్పేది చాలాసార్లు ఆ పెద్దబిడ్డే.

వేడి వస్తువును తాకడం వల్ల అయ్యే గాయాల్లో పసివారికి ఎక్కువగా కాలేది అరచేయి. వాళ్లు వేలి కొసతో పరీక్షించరు. చేయి మొత్తం చాపి ఆనిస్తారు, తగలగానే తీసేయడానికి బదులు బిగుసుకుపోతారు. ఇస్త్రీ పెట్టె, గది హీటరు, ఒవెన్ తలుపు, జుట్టు సాపు చేసే పరికరం, ఇవి ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు వేడిగానే ఉంటాయి. జుట్టుకు వాడే పరికరాలు 200 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయని వాటిని వాడే వారిలోనే చాలామందికి తెలియదు, అద్దం ముందు నేల మీద వదిలేసి వెళ్తారు. స్విచ్ ఆపగానే పని అయిపోయిందనుకోకుండా, చల్లారే వరకు అవి ఎక్కడుండాలన్నది కూడా నిర్ణయించుకోవాలి. అరచేతి గాయం చిన్నదిగా కనిపించినా తేలికగా తీసుకోవడానికి లేదు. బిడ్డ చేయి పెరుగుతుంది, మచ్చ కట్టిన చర్మం దానితో సమానంగా సాగదు. క్రమంగా వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు.

ఇక మంట. పిల్లలు నిప్పుతో ఆడుకోవడం అల్లరి కాదు, కుతూహలం. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఇది బాగా కనిపిస్తుంది. అగ్గిపెట్టెను, లైటర్‌ను ఎత్తున పెడితే చాలదు, కుర్చీ లాక్కుని ఎక్కే వయసది. తాళం ఉన్న చోట పెట్టాలి. అమెరికాలో 1994 నుంచి లైటర్లను చిన్నపిల్లలు సులువుగా వెలిగించలేని విధంగా తయారు చేయాలన్న నిబంధన వచ్చింది, ఆ తర్వాత ఐదేళ్లలోపు పిల్లలు లైటర్లతో ఆడుకోవడం వల్ల చెలరేగే మంటలు 58 శాతం తగ్గినట్టు లెక్క తేలింది. ఐరోపా సమాఖ్య 2007లో ఇదే దారి పట్టింది. అయితే ఆ ప్రమాణం ప్రకారం పరీక్షకు పెట్టిన పిల్లల్లో 85 శాతం మంది వెలిగించలేకపోతే చాలు, లైటర్ నెగ్గినట్టే. మిగిలిన ఆ కొద్దిమందిలో మన బిడ్డ ఉండవచ్చు కనుక, భద్రమైన లైటర్ అన్న ముద్ర చూసి బల్ల మీద వదిలేయడం సరికాదు.

కిరోసిన్ దీపాలు వాడే ఇళ్లకు సంబంధించి నాకు ఎంతో నచ్చిన ఉదాహరణ శ్రీలంకది. అక్కడ విజయ గోదకుంబుర అనే శస్త్రవైద్యుడు, ఖాళీ సీసాల్లో ఒత్తి పెట్టి చేసుకున్న దీపాలు దొర్లి కాలినవారికి చికిత్స చేసి చేసి, దీపాన్నే మార్చాలని నిశ్చయించుకున్నారు. ఆయన రూపొందించిన గాజు దీపం పొట్టిగా, బరువుగా ఉంటుంది. ఒకవేళ పడినా దొర్లకుండా రెండు వైపులా చదునుగా ఉంటుంది. నూనె ఒలకకుండా మరతో బిగించే లోహపు మూత ఉంటుంది. ఈ పనికి 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు లభించింది. కాలాక కుట్టే వైద్యుడే కాలకుండా ఆపే వస్తువు గురించి ఆలోచించడం చూస్తే, అమరిక మార్చడం అంటే నా ఉద్దేశం ఏమిటో వేరే వివరించనక్కరలేదు. కొవ్వొత్తి విషయంలోనూ ఇదే సూత్రం: వెడల్పైన అడుగున్న పాత్రలో, పరదాలకు దూరంగా, బిడ్డ నిద్రపోయే గదికి బయట.

బట్టల గురించి ఒక్కమాట. వదులుగా, అంచులు వేలాడుతూ, నూగు తేలిన పలుచని బట్టకు మంట త్వరగా అంటుకుని పైకి పాకుతుంది. ఒంటికి దగ్గరగా ఉండే బట్టకు గాలి అందదు కనుక అంత వేగంగా కాలదు. అమెరికాలో 1953లో మండే బట్టల మీద చట్టం, 1970ల తొలినాళ్లలో పిల్లల రాత్రి దుస్తుల మీద ప్రత్యేక ప్రమాణాలు వచ్చింది ఈ అనుభవంతోనే. మంట ఉన్నచోటికి వెళ్లేటప్పుడు పిల్లలకు జీరాడే దుస్తులు వేయకపోవడం మన చేతిలో ఉన్న పని. ఒంటి మీది బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదని, ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలని నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఆటలా నేర్పించవచ్చు. అంతకంటే చిన్నవారిని మనమే పడుకోబెట్టి, మందపాటి దుప్పటితో కప్పి ఆర్పాలి. వెలుగుతున్న పొయ్యిలోకి, దీపంలోకి స్పిరిట్ వంటి ద్రవాలు పోయడం, పిల్లలున్నా లేకపోయినా, ఎప్పుడూ చేయకూడదు.

కరెంటు, రసాయనాలు కూడా కాలుస్తాయి. ప్లగ్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్ తీగ కొసను బిడ్డ నోట్లో పెట్టుకుంటే పెదవి మూల కాలుతుంది. ఆ గాయం మానుతున్నట్టు కనిపించి, వారం పది రోజులకు పైచెక్కు ఊడినప్పుడు రక్తనాళం తెరుచుకుని ధారగా రక్తం రావచ్చు. కాలువలు శుభ్రం చేసే క్షారాలను తాగునీటి సీసాల్లో పోసి ఉంచడం నేరంతో సమానమని నా అభిప్రాయం. బిళ్లలాంటి బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను లోపలి నుంచి కాల్చేస్తుంది. మింగిందన్న అనుమానం వచ్చిన క్షణంలోనే ఆసుపత్రికి బయలుదేరాలి, నొప్పి వస్తుందేమో చూద్దామని ఆగకూడదు.

ఇల్లే అంటుకున్నప్పుడు పిల్లల ప్రాణం తీసేది చాలావరకు మంట కాదు, పొగ. అందుకని పడకగదుల లోపలా, బయటా పొగను పసిగట్టే అలారాలు ఉండాలి. నెలకొకసారి మీట నొక్కి పరీక్షించాలి, పదేళ్లు నిండినవాటిని మార్చేయాలి. అయితే పిల్లల నిద్ర గురించి ఒక విషయం గుర్తుంచుకోవాలి: పెద్దవాళ్లను లేపే కీచు శబ్దానికి చాలామంది చిన్నపిల్లలు లేవరు. సాధారణ అలారం శబ్దం 3,000 హెర్ట్జ్‌కు అటూఇటుగా ఉంటుంది. 520 హెర్ట్జ్ దగ్గర వచ్చే మందమైన శబ్దం, లేదా మనిషి గొంతు, వాళ్లను మెరుగ్గా లేపుతాయని పరిశోధనల్లో తేలింది. ఏ అలారం పెట్టుకున్నా బిడ్డ తనంతట తాను లేచి వస్తుందన్న ఆశ పెట్టుకోకుండా, ఏ బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో, ఏ దారిన బయటికి వెళ్తారో పెద్దవాళ్లు ముందే మాట్లాడుకోవాలి. రాత్రి పడకగది తలుపులు మూసి ఉంచితే పొగ లోపలికి రావడానికి మరికొంత వ్యవధి దొరుకుతుంది. భయపడిన పిల్లలు బయటికి పరుగెత్తరు, మంచం కిందో బీరువాలోనో దాక్కుంటారు. ముసుగు వేసుకున్న అగ్నిమాపక సిబ్బందిని చూసి ఇంకా లోపలికి జరుగుతారు. ఆ ముసుగు బొమ్మను ముందే చూపించి, ఆ రూపంలో వచ్చేవాళ్లు తీసుకెళ్లడానికే వస్తారని చెప్పి ఉంచడం మంచిది. విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలను ఇంటి నుంచి బయటపడే ఏకైక దారిలో పెట్టి చార్జ్ చేయకూడదు.

"ఒకసారి చురుక్కుమంటే వాడికే తెలిసొస్తుంది" అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. దీనితో నేను ఏమాత్రం ఏకీభవించను. ఏడాదిన్నర బిడ్డ "వేడి" అన్న మాట పలుకుతుంది, ఊదుతున్నట్టు నటిస్తుంది, ఆ మరుక్షణమే అదే గిన్నె మీద చేయి వేస్తుంది. మాట నేర్చుకోవడానికీ, చేతిని ఆపుకోవడానికీ మధ్య రెండు మూడేళ్ల దూరముంది. ఆ దూరాన్ని నొప్పితో తగ్గించలేం. చెప్పడం మానకూడదు, చెప్పాం కదా అని గేటు తీసేయకూడదు. నియమాలు సడలేది కూడా మామూలు రోజుల్లో కాదు. చుట్టాలు వచ్చిన రోజు, ఇల్లు మారిన వారం, అందరూ ఆకలితో ఉన్న సాయంత్రం వేళ, వంటగదిలోకి నలుగురు వస్తూపోతూ ఉన్నప్పుడు "పాప మీ దగ్గరుందనుకున్నాను" అన్న మాట వస్తుంది. అలాంటి వేళల్లో బిడ్డ బాధ్యత ఒక్కరిదేనని పేరు పెట్టి, పైకి చెప్పి అప్పగించాలి: "అక్కా, పాప నీ దగ్గరుంది, నేను పొయ్యి దగ్గరికి వెళ్తున్నాను." అవతలివారు సరేనన్నాకే కదలాలి.

ఇన్ని చేసినా గాయం కావచ్చు. అప్పుడు మొదటి ఇరవై నిమిషాల్లో మనం చేసే పనే గాయం లోతును చాలావరకు నిర్ణయిస్తుంది. కాలిన చోటును వెంటనే కుళాయి కింద, పారే చల్లని నీటిలో 20 నిమిషాలు పూర్తిగా ఉంచాలి. వేడి ద్రవం ఒలికిన క్షణంతోనే కాలడం ఆగిపోదు, చర్మం లోపల చేరిన వేడి ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది. నీళ్లు దాన్ని లాగేస్తాయి. గాయమైన మూడు గంటల లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఉపయోగం ఉంటుంది, కాబట్టి ఆలస్యమైందని వదిలేయకూడదు. నీళ్లు పోస్తూనే తడిసిన బట్టలు, ముఖ్యంగా డైపరు, గాజులు, మొలతాడు వంటివి తీసేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకూడదు. బిడ్డ చలికి వణకకుండా కాలని భాగాన్ని పొడి దుప్పటితో కప్పి ఉంచాలి. ఐస్ పెడితే రక్తనాళాలు ముడుచుకుని గాయం మరింత లోతుకు వెళ్తుంది, పసిబిడ్డ ఒళ్లంతా చల్లబడే ప్రమాదం కూడా ఉంది. టూత్‌పేస్టు, వెన్న, నూనె, సిరా, పిండి వంటివి వేడిని లోపలే బంధిస్తాయి, క్రిములను చేరుస్తాయి, ఆపైన వైద్యుడు గాయాన్ని చూడాలంటే వాటన్నిటినీ గీకి తీయాలి, ఆ నొప్పి బిడ్డకు మళ్లీ కొత్తగా మొదలు. బొబ్బలను చిదమకూడదు. చల్లబరచడం అయ్యాక వంటింట్లో వాడే పలుచని ప్లాస్టిక్ పొరను గాయం మీద పరచాలి గానీ చుట్టూ బిగించి చుట్టకూడదు; ముఖానికి అది వాడకూడదు. పొర లేకపోతే నూగు లేని శుభ్రమైన బట్ట చాలు.

బిడ్డ అరచేయి, వేళ్లతో కలిపి, ఒంటి విస్తీర్ణంలో సుమారు ఒక శాతం. గాయం ఆ మేరకు మించితే, లేదా ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల దగ్గర కాలితే, కరెంటు వల్లగానీ రసాయనం వల్లగానీ అయితే, చర్మం తెల్లగా, తోలులా మారి నొప్పి లేకుండా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పి లేకపోవడం మంచి సూచన కాదు, నరాలు కూడా కాలాయని అర్థం. పొగ పీల్చిన బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా చూపించాలి. ఏడాదిలోపు పిల్లలకైతే గాయం ఎంత చిన్నదైనా వైద్యుడు చూడటమే మంచిది.

ఇంటికి వచ్చిన తర్వాత మొదటి వారంలో బిడ్డకు జ్వరం వచ్చి, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, మగతగా పడి ఉండటం వంటివి కనిపిస్తే, గాయం పైకి శుభ్రంగానే ఉన్నా అదే రోజు వెనక్కి తీసుకెళ్లాలి. కొన్ని క్రిములు వదిలే విషం వల్ల చిన్న గాయంతోనూ పసివారికి ప్రాణాపాయం రావచ్చు, అది గంటల్లో ముదురుతుంది. మానిన తర్వాత కొత్త చర్మానికి ఎండ తగలకుండా చూడాలి, వైద్యుడు చెప్పిన లేపనంతో రోజూ మెల్లగా మర్దన చేయాలి, దురదకు మందు అడగాలి. రాత్రంతా గీక్కునే బిడ్డ మానిన మచ్చను మళ్లీ పుండు చేసుకుంటుంది. వేళ్లు, మోచేయి, మెడ వంటి చోట్ల మచ్చ ఉంటే, బిడ్డ ఎదుగుదల పూర్తయ్యే వరకు అప్పుడప్పుడూ వైద్యునికి చూపించి, ఆ కీలు పూర్తిగా చాచగలుగుతోందో లేదో పరీక్ష చేయిస్తూ ఉండాలి.